గురి బద్దలు, గున్నయ్య గట్టు

నేను గోల్ఫ్ ఎప్పుడూ ఆడలేదు. ఆ ఆట కర్రను చేత్తో పట్టుకున్నది కూడా రెండు మూడుసార్లే, అదీ ఇంకొకరి కోసం మోసుకెళ్లడానికి. అయినా నా సర్వే ఉద్యోగం గురించి ఎవరైనా అడిగితే ముందు ఆ ఆటే గుర్తొస్తుంది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు నన్ను అనుభవాలు రాయమన్నారు. ఎక్కడ చేరాను, ఏ హోదాలో దిగాను, ఎన్ని పటాలు గీశాను అన్నవి రాయడం దండగ. ఒక్క ఏడాది సంగతి రాస్తాను. అది నాకే ఇప్పటికీ పూర్తిగా అంతుపట్టలేదు. అందుకని పాఠంలా చెప్పలేను, జరిగింది జరిగినట్టు చెబుతాను.

గట్టు

అరవైల చివరి మాట. నౌపడ స్టేషనుకు తూర్పున, సముద్రం దిక్కున, ఒక ప్రైవేటు ఉప్పు కంపెనీలో నేను సర్వేయరుని. అప్పటికి నాకు పెళ్లి కాలేదు. ఉప్పు మళ్లకు గట్లు వేయించడం, ఉప్పునీరు వచ్చే కాలువలకు వాలు చూడటం, కంపెనీ భూమికి హద్దులు నిలపడం నా పని. అక్కడ నేల పళ్లెంలా ఉంటుంది. ఎంత దూరం చూసినా చూపును ఆపే వస్తువు ఉండదు. పర్లాకిమిడి వైపు వెళ్లే చిన్న రైలు పొగ ఒక్కటే దిక్కు తెలుపుతుంది.

కంపెనీ భూమికి పడమటి హద్దున గున్నయ్య అనే రైతు వరి మడి ఉండేది. రెండింటికీ మధ్య ఉత్తర దక్షిణాలుగా రెండు ఫర్లాంగుల గట్టు వేయాలి. గట్టు లేకపోతే ఉప్పునీరు మడిలోకి పోతుంది. దక్షిణపు కొసన హద్దురాయి పైకే కనిపిస్తోంది. ఉత్తరపు రాయి బురదలో కూరుకుపోయింది. పాత కొలతల ప్రకారం అది ఉండవలసిన చోట నేనే జెండా పాతించాను. ఇక దక్షిణపు రాయి దగ్గర నిలబడి జెండాను చూస్తూ తిన్నగా గుర్తులు పెట్టుకుంటూ పోతే సరిపోయేది. కానీ ఆ గీత పొడవునా మొగలి పొదలు. మనిషి దూరే సందు లేదు.

ఇలాంటప్పుడు సర్వేయరు చేసే పని ఒకటుంది. హద్దుకు పక్కన, ఖాళీ నేలలో ఇంకో గీత గీసుకుంటాడు. ఆ గీత మీద నడుస్తూ, ప్రతి గుర్తు దగ్గరా అంతే దూరం వెనక్కి కొలిచి అసలు హద్దును పట్టుకుంటాడు. నేను దక్షిణపు రాయి నుంచి పది గజాలు తూర్పుకు జరిగి నిలబడి, జెండా వైపు చూసి గీత తీశాను. ప్రతి గుర్తు నుంచీ పది గజాలు పడమటికి కొలిపించాను. ఉత్తరపు కొసకు చేరేసరికి ఎండ దిగిపోతోంది. జెండా దగ్గర నుంచి కూడా పది గజాలు పడమటికి కొలిచి, అక్కడ కొత్త రాయి పాతించి వచ్చేశాను. తప్పు ఎక్కడుందో మీలో కొందరు ఇప్పటికే పట్టేసి ఉంటారు. నాకు ఏడాది పట్టింది.

గట్టు పడిన నెలకే గున్నయ్య ఆఫీసుకు వచ్చాడు. యాభై దాటిన మనిషి, పొందూరు పంచె మోకాలి పైకి మడిచి కట్టుకుని, చెప్పులు గుమ్మం బయటే విడిచి నిలబడ్డాడు.

"బాబూ, గట్టు మా దిక్కుకి ఒరిగిపోనాది."

"ఒరగడమేమిటి? వచ్చి చూడు, తాడు లాగినట్టుంది," అన్నాను.

"తిన్నగానే ఉన్నాది బాబూ. కానీ ఆ సివర నా మడి సన్నమైపోనాది. అరక తిరగడం నేదు. మొగలి పొదలు మా తాత మా దిక్కునే ఎట్టినాడు. దచ్చినం పక్క పొదలు గట్టుని ఆనుకునే ఉన్నాయి. ఉత్తరం పక్కవి కంపినీ నేలలోకెళ్లిపోనాయి. పొదలు నడుస్తాయేటి?"

పొదలు పిలకలు వేసి పాకుతాయని చెప్పాను. పటం తీసి చూపించాను. అతనికి పటం చదవడం రాదని తెలిసే చూపించాను. మూడోసారి వచ్చినప్పుడు వరండాలో కూలీలు, గుమాస్తాలు పదిమంది ఉన్నారు. విసుగొచ్చి, "నీకు చూపు ఆనడం లేదు గున్నయ్యా, అంతే," అన్నాను. అందరూ నవ్వారు. అతను కాసేపు నన్నే చూసి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. సమస్య తీరిందనుకున్నాను.

సూపరింటెండెంటు గారి ఆట

ఆ తర్వాత కొన్నాళ్లకు చలపతిరావు గారు మాకు సూపరింటెండెంటుగా వచ్చారు. విజయనగరం మనిషి, కలకత్తాలో చాలాకాలం పనిచేసి వచ్చారు. సామానుతో పాటు తోలు సంచీలో ఆరేడు గోల్ఫ్ కర్రలు దిగాయి. మా వైపు ఎవరూ వాటిని చూసి ఎరగరు. మా కంపెనీ వడ్రంగి సింహాచలం ఒకటి పట్టుకుని తిప్పి చూసి, "ఇది దేన్ని తవ్వడానికి బాబూ?" అని నన్నడిగాడు. నాకూ తెలియదు.

వర్షాలు వెనకపట్టి, ఉప్పు మళ్లు ఇంకా మొదలుకాని రోజులవి. మళ్లకు అవతల ఎండిన చవిటి పర్ర నేల గట్టిగా, నున్నగా ఉండేది. చలపతిరావు గారు రోజూ సాయంత్రం అక్కడికి వెళ్లి, ఉత్తరాన నూట యాభై గజాల దూరంలో ఒక జెండా పాతించి, బంతిని దాని వైపు కొట్టేవారు. బంతి జెండా వైపు పోయేది కాదు. కుడికి, అంటే తూర్పున ఉప్పునీటి పాయలో పడేది. గాలి వల్ల అనేవారు ఆయన. కానీ సాయంత్రం గాలి సముద్రం నుంచి పడమటికి వీస్తుంది. గాలి ఇటు తోస్తుంటే బంతి అటెలా పోతుందో నాకు అర్థమయ్యేది కాదు. పై అధికారితో గాలి గురించి వాదించడం బాగుండదని ఊరుకున్నాను.

ఒకనాడు నన్ను పిలిచి, "ఏమయ్యా సర్వేయరూ, గీతలు తిన్నగా తీయడమే కదా నీ ఉద్యోగం. నేను ఎటు తిరిగి నిలబడుతున్నానో చూసి చెప్పు," అన్నారు.

ఆ ఆటలో మనిషి జెండాకు ఎదురుగా నిలబడడు. ఎడమ భుజం జెండా వైపు పెట్టి, పక్కకు తిరిగి నిలబడతాడు. బంతి అతని ముందు, రెండడుగుల పైన దూరంలో ఉంటుంది. గురి చూడాలంటే మెడ తిప్పాలి. నేను ఆయన బొటనవేళ్లకు ఆనించి నేల మీద ఒక సరుగుడు బద్ద పెట్టాను. ఆయన్ని పక్కకు జరగమని, బద్ద వెనక కూర్చుని దాని వెంట చూశాను. బద్ద కొస జెండాకు చాలా కుడిగా, పాయ మీద ఉన్న తూము వైపు ఉంది.

"తమరు తూము వైపు తిరిగి నిలబడుతున్నారండీ."

"అదెలా కుదురుతుంది? నా కళ్లకు జెండా భుజం మీదే కనిపిస్తుంటే?"

మర్నాడు రెండు బద్దలు తెచ్చాను. ఒకటి బంతి పక్కన, జెండాకు గురిపెట్టి. రెండోది కాలివేళ్ల దగ్గర, మొదటిదానికి సమాంతరంగా. ఆయన వేళ్లు రెండో బద్దకు ఆనించి నిలబడి, తల తిప్పి చూసి, "నన్ను స్టేషను వైపు తిప్పావు కదయ్యా. ఇది శుద్ధ వంకర," అన్నారు. అంటూనే చెప్పు కొసతో బద్దను కుడికి నెట్టేశారు. మళ్లీ సరిచేశాను. మళ్లీ నెట్టారు. నెట్టిన సంగతి ఆయనకే తెలియదు.

అందుకని సింహాచలం చేత రెండు బద్దల్నీ రెండు అడ్డపట్టీలతో కలిపించాను. నాలుగు మూలలా మేకులు వదులుగా బిగించాడు. బద్దలు దగ్గరకు జరుగుతాయి, దూరం జరుగుతాయి, కానీ ఎప్పుడూ సమాంతరంగానే ఉంటాయి. పటాలు గీసేవాళ్ల దగ్గర ఇలాంటి జంట రూలు ఉంటుంది, దాన్ని చూసే చేయించాను. మడిస్తే చంకలో పెట్టుకోవచ్చు. సింహాచలం దాన్ని తెరిచి మూసి చూసి, "మంచం కోడు కాదు, ఏటీ కాదు. దీనికి పేరేటి బాబూ?" అన్నాడు. గురి బద్దలన్నాను.

రెండు గీతలు

ఈ బద్దలతో ఆయన ఆట బాగుపడిందని రాస్తే కథ బాగుండేది. బాగుపడలేదు. బద్దల మధ్య నిలబడి కొట్టిన మొదటి బంతి ఎడమకు పోయింది. రెండోదీ ఎడమకే. పది రోజులు ఎడమకే పోయాయి. ఇన్నాళ్లూ కుడికి తిరిగి నిలబడి, బంతిని ఎలాగైనా జెండా మీదకు లాగాలని చేతులు ఎడమకు గుంజడం అలవాటు చేసుకున్నాయని తర్వాత ఆయనే కనిపెట్టారు. కాళ్లు సరైన చోటుకు వచ్చినా చేతులు పాత అలవాటులోనే ఉన్నాయి. అప్పట్లో మాత్రం ఇద్దరికీ ఏమీ తెలియలేదు. తప్పుగా నిలబడితే కుడికి, సరిగ్గా నిలబడితే ఎడమకు. మరి సరైనది ఏది? నా బద్దలు సరిగ్గా ఉన్నాయా అన్న అనుమానం నాకే వచ్చింది. కొలత టేపు తెచ్చి రెండు కొసల దగ్గరా కొలిచాను. వెంట్రుకవాసి తేడా లేదు.

పదకొండో రోజు అనుకుంటాను, ఆయనకు కోపం వచ్చింది.

"నీ బద్దల్లోనే లోపముంది. బంతి దగ్గర బద్ద జెండాను చూస్తోంది, బాగానే ఉంది. కాళ్ల దగ్గర బద్ద జెండాకు ఎడమగా చూస్తోంది. రెండూ జెండానే చూడాలి కదా?"

"రెండూ జెండానే చూస్తే అక్కడ కలిసిపోతాయండీ. ఇక్కడున్న ఎడం అక్కడ ఉండదు. పక్కన గీసిన గీత, పక్కనే పోవాలి. గురిని చూడకూడదు."

ఆ మాట నా నోటి నుంచి వచ్చాక నేను ఆగిపోయాను. ఆయన ఇంకా ఏదో అంటున్నారు. నాకు వినిపించలేదు. నా కళ్ల ముందు మొగలి పొదలు, వాటికి పది గజాల తూర్పున నేను, ఉత్తరాన జెండా. పక్క గీత మీద నిలబడి నేను జెండానే చూశాను. జెండాకు పది గజాల తూర్పున చూడవలసింది. నా గీత పోయిపోయి జెండా దగ్గర అసలు హద్దుతో కలిసిపోయింది. అక్కడ మళ్లీ పది గజాలు పడమటికి, గున్నయ్య మడిలోకి కొలిచాను.

కాదులే అనుకున్నాను. అంత మొద్దు తప్పు నేను చేసి ఉండను. ఆ రోజు ముందు జెండాను జరిపించే ఉంటాను, మర్చిపోయి ఉంటాను. జరిపించినట్టు గుర్తు కూడా వచ్చింది. ఎవరితో జరిపించానో మాత్రం గుర్తు రాలేదు. జరగని సంగతి కూడా మనసు ఎంత స్పష్టంగా చూపిస్తుందో ఆ సాయంత్రం తెలిసింది. ఈ పనిలో మీ జ్ఞాపకాన్ని నమ్మకండి. వెళ్లి తవ్వి చూడండి.

మర్నాడు పొద్దున్నే గునపం తీసుకుని ఒక్కణ్ణే వెళ్లాను. నేను పాతించిన కొత్త రాయి నుంచి పది గజాలు తూర్పుకు కొలిచి తవ్వాను. మోకాలి లోతున గునపం ఖణేల్‌మంది. బురద చేత్తో తీసి చూస్తే పాత హద్దురాయి, పైన చెక్కిన గుర్తుతో సహా. గట్టు కింద, గట్టు అవతల కలిపి గున్నయ్య మడి అర ఎకరానికి కొంచెం తక్కువగా కంపెనీలోకి వచ్చేసింది. ఆ ముక్కలో అప్పటికే ఒక వానాకాలమంతా ఉప్పునీరు నిలిచి, నేల తెల్లబడి ఉంది.

నేను ఆ గుంట పక్కన ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. మట్టి కప్పేసి వెళ్లిపోతే ఎవరికీ తెలియదన్న ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది.

చెప్పడం

చలపతిరావు గారికి ఆ మధ్యాహ్నమే చెప్పాను. ఆయన అర్థం కానట్టు చూశారు.

"గట్టు తిన్నగా ఉందన్నావు కదా?"

"తిన్నగానే ఉందండీ. తప్పు చోటికి తిన్నగా పోయింది."

నాతో కలిసి నడిచి వచ్చారు. దక్షిణపు రాయి దగ్గర నిలబడి గట్టు వెంట చూశారు. ఉత్తరాన నేను తవ్విన గుంట దగ్గర జెండా పాతించి మళ్లీ చూశారు. పక్కకు జరిగి, నేను ఆనాడు నిలబడిన చోట నిలబడి చూశారు. ఉద్యోగం పోతుందని నాకు దాదాపు ఖాయమైపోయింది.

"నా కాళ్లు ఇన్నేళ్లు నాకే తప్పు చెప్పాయి. నువ్వు బద్ద పెట్టి చూపించినా నేను ఒప్పుకోలేదు," అన్నారు చివరికి. "ఆ రైతు వచ్చి చెప్పాడా?"

"మూడుసార్లు వచ్చాడండీ."

"ఏమన్నావు?"

చెప్పాను. వరండాలో అన్న మాట కూడా చెప్పాను. ఆయన ముఖంలో కోపం లేదు, అదే నాకు ఎక్కువ ఇబ్బందైంది.

"వానల్లోపు గట్టు జరిపించు. కంపెనీకి నేను జవాబు చెప్పుకుంటాను. కానీ అతనికి గుమాస్తాతో కబురు పంపకు. నువ్వే వెళ్లి చెప్పు."

నేను పనిచేసిన అధికారుల్లో ఆయన గొప్పవాడేమీ కాదు. లెక్కల్లో బద్ధకస్తుడు, కూలీలతో మాట దురుసు. కానీ తన తప్పును చూసినవాడికి ఇంకొకరి తప్పు మీద ఎంత మాట అనాలో తెలిసింది. అలాంటి అధికారి మళ్లీ నాకు దొరకలేదు.

గున్నయ్య ఇల్లు

మరుసటి ఉదయం వెళ్లాను. గున్నయ్య అరుగు మీద కూర్చుని కొబ్బరి తాడు పేనుతున్నాడు. ముక్కు మీద నల్ల ఫ్రేము కళ్లద్దాలు. కాళ్ల చప్పుడు విని తలెత్తి, నన్ను గుర్తుపట్టి, లేవబోయాడు.

"కూర్చో గున్నయ్యా. గట్టు విషయం నువ్వు చెప్పిందే నిజం. నేను తప్పు గీత తీశాను. పాత రాయి దొరికింది. నీ మడి నీకు వస్తుంది."

అతను తాడు ఒళ్లో పెట్టుకున్నాడు. ముఖంలో ఏ మార్పూ లేదు. తిడతాడనుకున్నాను, కనీసం నిట్టూరుస్తాడనుకున్నాను. లోపలికి తిరిగి భార్యను పిలిచాడు.

"ఒసే, ఇలాగ రా. బాబు ఏటి సెప్తన్నాడో ఇను."

నరసమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"మళ్లీ సెప్పు బాబూ," అన్నాడు గున్నయ్య.

మళ్లీ చెప్పాను. ఆమె మొగుడి వైపు చూసింది, నా వైపు చూసింది. "ఇన్నాళ్లకా?" అంది.

గున్నయ్య లేచి, తువ్వాలు భుజాన వేసుకుని, "ఒకపాలి రా బాబూ," అని ముందు నడిచాడు. పక్కింటి దగ్గర ఆగి, లోపల ఉన్న ముసలాయన్ని బయటకు పిలిచాడు. "మావా, కంపినీ సర్వేరు వచ్చినాడు. ఇను," అన్నాడు. నేను చెప్పాను. తర్వాత ఇంకో ఇల్లు. ఆ తర్వాత నలుగురు చుట్టలు కాల్చుకుంటున్న టీ బడ్డీ. ప్రతిచోటా అతను పిలవడం వరకే. నా పక్కన నిలబడి, నేను చెప్పేవరకూ ఆగి, ముందుకు నడిచాడు. మడి గురించి, పోయిన పంట గురించి ఎక్కడా ఎత్తలేదు. ఇంకెన్ని ఇళ్లు తిప్పుతాడో, ఎందుకు తిప్పుతున్నాడో నాకు అర్థం కాలేదు. టీ బడ్డీ దగ్గర ఒకతను, "అయితే నీ సూపు బాగానే ఉన్నాదన్నమాట గున్నయ్యా," అన్నాకే అర్థమైంది.

తిరిగి వచ్చేటప్పుడు, "ఈ అద్దాలు ఎప్పటి నుంచి?" అని అడిగాను. అడగక ఉండలేకపోయాను.

"సంకురాతిరి ముందు సికాకులం ఎల్లినాను బాబూ. ఆ డాట్రు కళ్లలోకి దీపం ఏసి సూసినాడు. నీ కళ్లకేటీ నేదు, ఎల్లిపో అన్నాడు. నానే నమ్మనేదు. గట్టు వంకరగా అగుపిస్తన్నాదంటే కళ్లకి ఏదో ఉండాల కదా. బతిమాలి ఎట్టించుకున్నాను."

"ఇక తీసెయ్ గున్నయ్యా. అవసరం లేదు కదా."

అతను అద్దాలు తీశాడు. తువ్వాలుతో తుడిచి, కళ్లు చికిలించి దూరంగా మడి వైపు, గట్టు వైపు కాసేపు చూశాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

"ఉండనీ బాబూ. తీస్తే ఏది తిన్నగా ఉన్నాదో ఇప్పుడు నాకు తెలడం నేదు."